రుమాలు

కృపానందంగారు ఎక్కడ కూర్చోవాలన్నా ముందు జేబులోంచి రుమాలు తీసి పరిచేవారు. "పరలోకంలోనైనా మీరు రుమాలు వేసుకునే కూర్చుంటారు," అని భార్య సరోజిని ఎగతాళి చేసేది. పంతొమ్మిది వందల ఎనభై మూడులో, అమెరికాలో ఐసెలిన్ ఊరి దగ్గర ఒక చర్చి బేస్‌మెంట్‌లో ఆయన ఆదివారాలు చైనావాళ్ళ మతచింతన మీద క్లాసు చెప్పేవారు. తావో అని వాళ్ళు పిలిచే పరమమార్గం నీళ్ళలాంటిదనీ, ఎవరికీ అక్కర్లేని కింది చోటుకే చేరుతుందనీ, శిష్యుల కాళ్ళు కడిగిన క్రీస్తు వంగిందీ అక్కడికేననీ మైమరచి చెప్పేవారు. ముందు వరసలో చైనా ముసలాయన లిన్ తలూపుతూ వినేవాడు.

ఆ ఏడు గుడ్‌ఫ్రైడే ముందురోజు చర్చిలో ఒకరి కాళ్ళు ఒకరు కడిగే ఆరాధన జరిగింది. కృపానందంగారి ఎదుటి కుర్చీలో లిన్ కూర్చున్నాడు. పగిలిన మడమలు, నల్లబడ్డ గోళ్ళు. ఆయన నేలమీద రుమాలు పరిచి, దానిమీద ఒక్క మోకాలు ఆనించి, వేలికొసలతో నాలుగు చుక్కలు చిలకరించి, గబుక్కున చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నారు. లిన్ కాలివేళ్ళు ఆడిస్తూ నవ్వాడు.

"ప్రొఫెసర్, నీళ్ళింకా కిందికి రాలేదే!"

అందులో వెక్కిరింపు లేదు, పాఠం గుర్తున్న సంతోషమే. కృపానందంగారి చెవులు కాలిపోయాయి. మోకాలి కింది రుమాలు లాగేసి, రెండు మోకాళ్ళూ నేలకానించి, ఆ పాదాలు కడిగి దానితోనే తుడిచారు. తలమాత్రం ఎత్తలేకపోయారు. లిన్ కుర్చీ దిగి వచ్చి ఆయన పక్కనే కూర్చున్నాడు, ఏమీ పరుచుకోకుండా.