ఖాళీ లారీలో అత్తాకోడళ్లం

తన పత్తిని తనే దొంగిలించుకున్న మనిషి గురించి మీరెక్కడైనా విన్నారా? నేనే ఆ మనిషిని. పట్టపగలు, మా అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని మరీ దొంగిలించాను.

అప్పుడప్పుడే నాకు అక్షరాలు వచ్చాయి. నలభై దాటాక వచ్చిన చదువు కొత్త చెప్పుల్లాంటిది, నడిచినంతసేపూ కిర్రుమంటుంది. కనిపించిన రాతనల్లా పైకి చదివేదాన్ని. ఆ ఏడు మా ఆయన కాలు విరిగి మంచమెక్కడంతో పత్తిని మిల్లుకు తోలే పని మొదటిసారి నా చేతికొచ్చింది.

"తూకం తగ్గిందో, ఇక నీకు అప్పజెప్పను," అన్నాడు.

లారీ తోలేది మా అక్క కొడుకు శీను. కొత్త డ్రైవరు. తోడుగా అత్తయ్యా వచ్చింది. దారిలో అడిగాడు: "పిన్నీ, లోడు కాటా, ఖాళీ కాటా అంటారే, రెండుసార్లు దేనికి?"

"నిండు బండిని తూస్తే లోడు కాటా. సరుకు దించాక తూస్తే ఖాళీ కాటా. మొదటిదే అసలురా. రెండోది భోజనమయ్యాక తాంబూలం!"

తెలిసింది సగమే అయినా పూర్తి ధైర్యంతో చెప్పాను.

మిల్లులో బోర్డుంది. 'కాటాపై మనుషులు ఉండరాదు.' పదిమందికీ వినపడేలా చదివి, అందరినీ దింపి, లోడు కాటా వేయించాను. సరుకు దించేసరికి ఎండ మాడుతోంది. అత్తయ్యను కేబిన్‌లోకి ఎక్కించి నేనూ ఎక్కాను. బండి మళ్లీ కాటా మీదికొచ్చింది.

"పిన్నీ, దిగాలేమో?"

"సరుకే లేదు, దిగేదేంట్రా!" అన్నాను. శీను ఒక్కడే దిగాడు.

తీరా చూస్తే, ఇంటి దగ్గర తూచుకున్నదానికన్నా పత్తి తగ్గింది. దిగి గుమాస్తా మీద పడ్డాను.

"మా కష్టం తింటారటయ్యా?"

ఆయన నిదానంగా అడిగాడు. "ఖాళీ కాటాకి మీరెక్కడున్నారమ్మా?"

"కేబిన్‌లోనే. మీ మీద ఓ కన్నేసి ఉంచొద్దూ?"

"లోడు కాటాకి?"

"దిగాం. బోర్డు చదవలేననుకున్నావా?"

"నిండు బండి బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేది పత్తి. ఖాళీ బండిలో మీరిద్దరూ కూర్చుంటే, మీ బరువంత పత్తి పోయినట్టేగా తల్లీ!"

కంచే చేను మేసిందంటారు. ఇక్కడ కంచెతోపాటు కంచె అత్తగారూ మేసింది.

మమ్మల్ని దింపి మళ్లీ తూచారు. గుమాస్తా కిటికీలోంచి కేకేశాడు: "క్వింటా పైనే తేడా!"

మూటలు మోసే హమాలీలు ఆగి మరీ మమ్మల్నిద్దరినీ ఎగాదిగా చూశారు. అత్తయ్య నా చెవిలో అడిగింది: "ఏమే, అందులో నాదెంత?"

"సగం కూడా ఉండదు అత్తయ్యా."

"అయితే రేపట్నించి నీకు నేనే వడ్డిస్తాను."

ఇంటికొచ్చాక మా ఆయన అడిగాడు: "తూకం సరిపోయిందా?"

"సరిపోయింది. మీ అమ్మతో సహా."

అప్పుడే పత్తి చేను సాక్షిగా ఒట్టేసుకున్నాను: లోడైనా ఖాళీ అయినా, కాటా కనిపిస్తే ముందు దిగుతాను, తర్వాతే చదువుతాను. మా అత్తగారు కూడా ఒట్టేసుకుంది, నాతో కలిసి జన్మలో తూకానికి రానని.