మందుల షాపాయన మొహమాటం

మందుల షాపాయనకి మొహమాటం పాలు ఎక్కువ. బస్సులో ఎవరైనా కాలు తొక్కితే, వాళ్ళు దిగేదాకా కిక్కురుమనడు. సెలూన్‌లో నెత్తిన సలసల కాగే నీళ్ళు పోసి "వేడెక్కువైందా సార్?" అంటే, కళ్ళనీళ్ళతో "హాయిగా ఉంది" అంటాడు. అలాంటి మనిషిని చిన్ననాటి స్నేహితుడు ఖరీదైన చైనీస్ రెస్టారెంటుకి పిలిచాడు. అక్కడ పుల్లలతో తినేటప్పుడు పరువు పోకూడదని, కొట్లో బేరాల్లేనప్పుడల్లా కాలం చెల్లిన మాత్రల్ని చాప్‌స్టిక్స్‌తో ఏరి సీసాలో వేయడం సాధన చేశాడు. చెయ్యి చక్కగా తిరిగింది.

తీరా వెళ్ళి కూర్చున్నాక, "నీకు కొత్త కదా, ఇలా పట్టుకోవాలిరా" అంటూ స్నేహితుడు రెండు పుల్లల్నీ గరిటె పట్టినట్టు పిడికిట్లో బిగించాడు. తప్పని తెలిసీ మనవాడు అలాగే బిగించాడు. ఎత్తిన రొయ్య ఎగిరి సూపులో పడింది. సూపు స్నేహితుడి తెల్లచొక్కా మీద పడింది.

"పర్లేదులేరా, మొదటిసారి ఎవరికైనా అంతే" అన్నాడు స్నేహితుడు తుడుచుకుంటూ.

కాలరు మీద ఒక బఠాణీ గింజ అంటుకునే ఉంది. దాన్ని చూడగానే మనవాడు ఒళ్ళు మరిచాడు. పుల్లలతో సుతారంగా, చొక్కాకి తగలకుండా ఏరి పళ్ళెంలో పెట్టాడు. స్నేహితుడు నోరు తెరిచి చూశాడు. తన సాధన సంగతి బయటపడిందే అనుకున్నాడు మనవాడు.

"చూశావా," అన్నాడు స్నేహితుడు ఛాతీ విరుచుకుని, "నేర్పేవాడుంటే ఎంతసేపు?"

"అంతా నీ చలవేరా" అన్నాడు మనవాడు, మళ్ళీ పిడికిలి బిగిస్తూ.