గ్రీజు డబ్బా మీద మేమె లోయిడె

సముద్రం అడుగు బురద తీసి పరీక్షించే మా ఓడ మీద ఒక పద్ధతి ఉంది. ఆఖరి చోట బురద పైకి తీశాక బురద తీసే గొట్టాన్ని దించే ఉక్కు తాడుకి గ్రీజు పూస్తారు. పూశాక ఆ తాడు మళ్ళీ నీళ్ళలోకి దిగదు. దిగితే గ్రీజు బురదలో కలిసి పరీక్షలన్నీ పాడవుతాయి. అందుకే ఆ డబ్బా మూత తెరిచారంటే పని అయిపోయినట్టు, ఇంటికి పోతున్నట్టు.

ఆ ఉదయం మూత తెరవకుండా దాని మీద మేమె లోయిడె కూర్చుంది.

పెద్దావిడ కాబట్టి అందరం మేమె అనే పిలుస్తాం, అమ్మా అన్నట్టు. వాల్విస్ బే రేవులో చేపల ఫ్యాక్టరీలో పదిహేడో ఏట చేరి పదేళ్ళు కవళ్ళ తలలు కోసింది. ఏటేటా కవళ్ళు తగ్గాయి, ఫ్యాక్టరీ మూతపడింది. చర్చిలో దేవుడి కోపమన్నారు, బజారులో పరాయి ఓడల దొంగతనమన్నారు. ఆవిడకి రెండూ చాలలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఈ ఓడలో బురద జల్లించే పనికి వచ్చాక, అందులో కవళ్ళ పొలుసులుంటాయనీ, లోతుకి వెళ్ళేకొద్దీ పాతకాలమనీ తెలిసి ఇక కదల్లేదు. పంతొమ్మిదేళ్ళుగా, ప్రతి ప్రయాణంలో ఆఖరిదైన ఇరవై మూడో చోటి బురద ఆవిడ చేతిమీదుగానే సీసాల్లోకి వెళ్ళింది. ఒక్క ఏడూ తప్పలేదు. ఇది ఆవిడ చివరి ప్రయాణం.

తప్పు నాది. తెల్లవారాక అక్కడ తీసిన బురదని మూడు లోతులుగా కోసి, మూడు సీసాల్లో వేసి, లోపల చీటీలు పెట్టాను. మా ఎనిమిది నెలల పాపకి జ్వరమని ముందురోజు కబురొచ్చింది. తగ్గుముఖం పట్టిందన్నారు కానీ నా మనసు అక్కడే ఉంది. చేతికందిన పెన్నుతో రాసేశాను. పెన్సిలుతోనే రాయాలని మొదటి రోజే నేర్పుతారు. బురద చెడకుండా సీసాల్లో పోసే స్పిరిట్‌లో సిరా కరిగిపోతుంది. పొద్దుటి సజ్జ సంకటి తిన్నాక, పెట్టె మూసే ముందు మేమె అలవాటుగా సీసాలు వెలుతురుకి ఎత్తింది. మూడు చీటీలూ తెల్లగా ఉన్నాయి. ఏది పైది, ఏది అడుగుది, ఇక ఎవరం చెప్పలేం.

ఒక్క ఏడు పోతే కొంపలేం మునగవని నేనే అన్నాను. ఆవిడ నన్ను తిట్టలేదు. నేరుగా వెళ్ళి డబ్బా మీద కూర్చుంది.

డెక్ పనివాళ్ళ పెద్ద ఫెస్టస్ బ్రష్ పట్టుకుని వచ్చాడు.

"లే మేమె. అది కుర్చీ కాదు."

"తెలుసు. కుర్చీ అయితే నడుం ఇలా పట్టేయదు."

"రేపట్నుంచి మనవల్ని ఆడించుకునేదానివి. ఈ బురద నీకెందుకు?"

"కవళ్ళేమయ్యాయని ఆ మనవలే అడుగుతారు. ఫెస్టస్ మామకి ఇంటికెళ్ళే తొందరొచ్చిందని చెప్పనా?"

పనివాళ్ళు నవ్వారు. ఫెస్టస్ వెళ్ళి కెప్టెన్‌ని పిలుచుకొచ్చాడు. దక్షిణపు గాలి లేస్తోందనీ, ఒక్క గంటకి మించి ఇవ్వలేననీ కెప్టెన్ అన్నాడు. చాలంది మేమె. లేస్తూ నన్ను తన చోట కూర్చోబెట్టింది.

"కదిలావంటే వీడు పూసేస్తాడు."

ఇంటికి పోదామన్న మనిషినే కాపలా పెట్టింది.

మొదటిసారి గొట్టం ఖాళీగా వచ్చింది. రెండోసారి వాలిపోయి పైపొర కొట్టుకుపోయింది. ఫెస్టస్ గడియారం చూశాడు. ఆవిడ అతని వైపు చూడకుండా గొట్టానికి బరువుగా ఇంకో రెండు సీసపు దిమ్మలు కట్టమంది. కట్టకపోతే తనే కట్టేలా ఉందని అతనే కట్టాడు. మూడోసారి కుళ్ళిన గుడ్ల వాసన డెక్ అంతా కమ్మింది. గొట్టం నిండా నల్లటి బురద, పైపొర చెదరలేదు. ఆ వాసనకి సంతోషించేది ఈ ఓడలో ఆవిడొక్కతే.

బురద కోశాక తలగుడ్డలోంచి పెన్సిల్ ముక్క తీసి నా చేతికిచ్చింది.

"నీ కూతురి పేరు రాసినట్టు రాయి, పిల్లా."

నిదానంగా మూడు చీటీలు రాశాను. సీసాలు నింపి మూత బిగించాక ఒక్కొక్కటే వెలుతురుకి ఎత్తి చదివింది. తర్వాత ఫెస్టస్ చేతిలో బ్రష్ లాక్కుని, నన్ను లేపి, డబ్బా మూత తనే తెరిచింది.