కిందికి జారిన ధరల గడి

త్రినాధరావు పూర్తిగా కూర్చోగా చూసినవారు అనకాపల్లిలో తక్కువ. వెబ్ పేజీలు తయారుచేయడం కూర్చుని చేసే పనే అయినా, అతను కుర్చీ అంచున ఒక తొడ మాత్రం ఆనించి, రెండోదాన్ని అత్యవసర పరిస్థితుల కోసం అట్టేపెట్టుకునేవాడు. 2007లో బెల్లం వర్తకుల సంఘం పేజీ చేతికొచ్చాక ఆ ఒక్క తొడకూ విశ్రాంతి లేకపోయింది. పేజీ నచ్చితే సంఘం పనులన్నీ అతనికే. నచ్చకపోతే విశాఖపట్నం కంపెనీకి. ఈ మాట అధ్యక్షుడు లోకనాథం నిండు సభలో చెప్పాడు.

పేజీలో మూడు గడులు పక్కపక్కన ఉన్నాయి: బెల్లం దిమ్మల ఫొటోలు, రకాలు, ధరలు. లోకనాథం చూసి పెదవి విరిచాడు. ఆయన బెల్లం యార్డులో దిమ్మల వరుసను గోడకు ఆనించరు. కొనేవాడు తిరిగి చూసుకోవడానికి దారి వదులుతారు.

"గోడకి ఆనించీసేవేటి త్రినాధా? ఎడం పక్క దారి ఒగ్గు. కొనేవోడు ఎక్కడ నిలబడతాడు?"

తెర మీద ఎవరూ నిలబడరని వాదించే ధైర్యం లేక, త్రినాధరావు ఎడమ పక్క కాస్త ఖాళీ వదిలాడు. తన షాపులోని కొత్త బ్రౌజర్‌లో దివ్యంగా ఉంది.

ప్రారంభోత్సవం నాటి ఉదయం సంఘం ఆఫీసుకు ముందుగా వెళ్లి, అక్కడి కంప్యూటర్‌లో తెరిచాడు. దాంట్లో ఉన్నది పాత బ్రౌజర్. ధరల గడి వరుస తప్పి, ఫొటోల కింద చతికిలబడింది.

"ధరలు పడిపోయేయి బావా," అన్నాడు గుమాస్తా భీమన్న, చావు కబురు చెబుతున్నంత గంభీరంగా. "రైతులు సూత్తే గొడవైపోద్ది."

త్రినాధరావు చెరకు రైతు బిడ్డ. యార్డు తూకంలో ప్రతిదానికీ తరుగు కోయడం చూసి పెరిగినవాడు. ధరల గడి వెడల్పుకీ కొంత తరుగు కోశాడు. గడి పైకెక్కింది గానీ, ఇరుకై అంకెలు మడతపడి ఏ ధర ఏ బెల్లానిదో తెలియలేదు. కోసింది తిరిగి అతికించాడు. గుమ్మం దాకా వెళ్లాడు, వచ్చాడు, రెండో తొడ మీద కూర్చున్నాడు.

"అధ్యక్షులోరు బయల్దేరేరట," అన్నాడు భీమన్న సహాయంగా.

అప్పుడు చూశాడు, ఎడమ పక్క దారి తాను వదిలినదానికి రెండింతలుంది; అందుకే మూడో గడికి వరుసలో చోటు చాలలేదు. నెట్‌లో వెతికితే జబ్బు దొరికింది. ఎడమకు జరగమన్న గడికి ఎడమవైపే ఖాళీ అడిగితే ఆ పాత బ్రౌజర్ రెట్టింపు ఇస్తుందట. అడిగినదానికన్నా ఎక్కువిచ్చేవాణ్ణి యార్డులో ఎరగడు కనక అతనికి ఆ అనుమానమే రాలేదు. మందు మాత్రం చిన్నది: ఎడమ చివరి ఫొటోల గడి కోడులో 'డిస్‌ప్లే ఇన్‌లైన్' అని ఒక ముక్క చేర్చాలి. ఎందుకు పనిచేస్తుందో అడగకూడదు. తాయెత్తు కట్టుకున్నవాడు విప్పి చూడడు కదా.

ముక్క చేర్చాడు. ధరల గడి బుద్ధిగా పైకొచ్చి వరుసలో నిలబడింది. వెనకాలే లోకనాథం లోపలికొచ్చాడు.

"బాగుంది. దారుంటే ఎంత అందమొచ్చిందో సూసేవా? నేను సెప్పబట్టి. ఇకనించి సంఘం పనులు నువ్వే సూసుకో."

"అలాగేనండి."

"మజ్జాన్నం మా అల్లుడు కూడా సూత్తాడు, పాయకరావుపేటలో."

త్రినాధరావు లేచాడు. "ఆయన కంప్యూటరు ఎప్పటిదండీ?"

"దీనికన్నా పాతది. ఏం?"

లోకనాథం కొబ్బరికాయ కొట్టి చుట్టూ చూసేసరికి, పాయకరావుపేట బస్సులో సీటు అంచున త్రినాధరావు తొడ ఒకటి ఆని ఉంది.