లేడీస్ సీట్లో కట్టు

బరంపురం నుంచి చికిటి వెళ్లే బస్సులో నా పక్కన ఒక నర్సు కూర్చుంది. ఇంకా డ్యూటీ బట్టల్లోనే ఉంది. మా ముందు సీట్లో ఒక జంట. భార్య చేతికి పాత గుడ్డ చుట్టి ఉంది.

"సెయ్యికేటైందమ్మా?" అని నర్సు ఆమెనే అడిగింది.

"నూతికాడ జారిపడింది," అన్నాడు భర్త. ఎప్పుడని అడిగితే దానికీ అతనే చెప్పాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

"బాబూ, అది లేడీస్ సీటు. నువ్వెనక్కెల్లు, నాను కట్టు కడతాను."

"ఓలమ్మో, బస్సులోనే ఆస్పత్రి ఎట్టీసినారేటి!" అంటూనే అతను లేచి వెనక సీట్లోకి వెళ్లాడు.

నర్సు తన సంచీ తీసుకుని అతని చోట్లో కూర్చుని, గుడ్డ విప్పుతూ మెల్లగా అడిగింది. "ఇంట్లో కొడతన్నాడా?"

ఆమె ఒకసారి వెనక్కి చూసి, అవునన్నట్టు తల ఊపింది.

"తప్పు నీది కాదమ్మా. ఈరోజు ఇంటికెల్లడానికి బయమేస్తందా?"

"మాయమ్మ ఒచ్చుంది. ఈరోజు పర్నేదు."

"అయితే మంగళారం కట్టు మార్సుకోడానికని మా బరంపురం ఆస్పత్రికి రా. నానుంటాను. అక్కడ కూకోని దారి సూద్దాం."

నర్సు కొత్త కట్టు కట్టి మళ్లీ నా పక్కకి వచ్చాక ఉండబట్టలేక, "అతన్ని నాలుగు మాటలు అనాల్సింది," అన్నాను. కొత్తవాళ్లతో నేను నోరు విప్పడమే అరుదు.

"నాను తిట్టీసి దిగిపోతాను పాపా. ఆ పిల్ల ఆడితోటే ఇంటికెల్లాల."

ఆ జంట మాకంటే ముందే దిగారు. "ఏటడిగిందే ఆవిడ?" అన్నాడు భర్త, తలుపు దగ్గర.

"మంగళారం కట్టు మార్సాలట. నానొక్కదాన్నే ఎల్లొస్తాను," అంటూ ఆమె అతనికంటే ముందు మెట్లు దిగింది.