చాబీ నా జేబులనే ఉండె

దీన్ల ఒక్క ముక్క గూడ కలిపి చెప్తలేను. కలిపి చెప్పేటోన్నయితే ఆఖర్ల ఏమైందో గూడ చెప్పేటోన్ని... అది నాకే తెల్వదు. అందుకే నమ్మమంటున్న.

తొంభైల ఆఖర్ల ముచ్చట. దుబాయిల గ్యారేజీల నాలుగేండ్లు చేసి, వాపసొచ్చి కరీంనగర్ల కార్ల వైరింగు దుకాణం పెట్టుకున్న. సుల్తానాబాద్ల దామోదర్‌రావు సారని రైసు మిల్లు ఓనరు ఉండె. కొత్త కారు కొన్నడు. ఆయన బామ్మర్ది దుబాయి నుంచి రిమోట్ స్టార్టరు తెచ్చిచ్చిండు. ఇంట్ల కూసోని బటన్ ఒత్తితే బయట కారు స్టార్టు కావాలె. ఏసీ నడ్వాలె. ఎక్కేసరికి లోపట సల్లగుండాలె. అది బిగించే పని నాకొచ్చింది.

కాని ఆ కారుకు దొంగలు ఎత్తుకపోకుంట కంపెనీ నుంచే బందోబస్తు ఉంది. చాబీ తలకాయల చిన్న చిప్పు ఉంటది. ఆ చాబీ దగ్గర లేకుంటే ఇంజన్ స్టార్టయినా రెండు సెకండ్లల ఆగిపోతది. అందుకని కారుతోని వచ్చిన రెండో చాబీని ఒక డబ్బిల పెట్టి, స్టీరింగు కింద లోపటికి కట్టాలె. అప్పుడు ఓనరే చాబీ పెట్టిండని బండి అనుకుంటది.

మిల్లు షెడ్డుల స్టీరింగు కింది మూత ఇప్పబోయిన. స్క్రూల తలకాయలు గీసుకపోయి ఉన్నయి. నాకంటె ముంగట ఎవరో ఇప్పిండ్రు.

"సారూ, దీన్ని ఎవరన్న ఇప్పిండ్రా?"

"కొత్త బండి. ఎవడిప్పుతడు?" అన్నడు. నా మొకం దిక్కు చూడకుంటనే అన్నడు.

నాకు డౌటొచ్చింది. నాకెందుకులే అని పని చేసిన. రెండు రిమోట్లు ఆయన చేతులనే పెట్టిన. "బండిని ఎప్పుడు న్యూట్రల్లనే పెట్టుండ్రి సారూ. గేర్ల ఉండంగ స్టార్టయితే ముంగటికి దుంకుతది," అని ఒకటికి రెండుసార్లు చెప్పి వచ్చిన.

నాలుగు రోజులకు దుకాణానికి ఫోనొచ్చింది.

"యూసుఫూ, మూడో రిమోటు ఎవనికిచ్చినవ్?"

"మూడోది ఏడిది సారూ?"

"బండి రాత్రిపూట దానంతట అదే స్టార్టయితుంది. మూడు రాత్రులాయె. రెండు రిమోట్లు నా బీరువలనే ఉన్నయి. ఇగ మిగిలింది నువ్వే."

మా పనిల దొంగ అన్న పేరొస్తే అయిపోయినట్టే. తెల్వనోని చేతుల కారు పెట్టి పోతరు జనం... నమ్మకం మీదనే. ఆ పొద్దే సుల్తానాబాద్ పోయిన.

"ఈ రాత్రి నా ముంగట కూసో," అన్నడు సారు. పోలీసుల మాట ఎత్తలే. అది గూడ నాకు వింతగ కొట్టింది.

షెడ్డుల మేమిద్దరమే. కారుకు పది అడుగుల దూరంల నులక మంచం. ఆయన చూస్తుండంగనే మూత ఇప్పి, డబ్బిల చాబీ తీసి నా జేబుల ఏసుకున్న. స్టార్టరు ఫ్యూజు పీకిన. అది గూడ జేబులనే. రిమోట్ల బ్యాటరీలు తీసి మంచం మీద పెట్టిన. నా చేత్తోటి ఫస్ట్ గేర్ల ఏసి, తలుపులు లాక్ చేసి, రోజు వాడే చాబీ సారుకిచ్చిన.

"ఇగ ఎట్ల స్టార్టయితదో చూద్దాం సారూ."

ఆయన జర్దా నములుకుంట కూసున్నడు.

మిల్లు బందుంది. ఒడ్ల వాసన. బస్తాల మధ్యల ఎలుకలు ఉరుకుతున్న సప్పుడు. కరెంటు పోయింది. టార్చి నా ఒళ్లె ఉంది. నేను కారును చూస్తున్న... ఆయన నన్ను చూస్తుండు.

ఒంటిగంట దాటింది కావచ్చు.

టక్.

ఎలుక అనుకున్న. కాదు... ఆ సప్పుడు నాకెర్క. స్టార్టరు డబ్బ లోపట కరెంటును కలిపే రిలే పడే సప్పుడు. ఫ్యూజు లేకుండ అది పడొద్దు.

టక్... టక్.

ముంగటి చిన్న లైట్లు రెండుసార్లు వెలిగి ఆరినయి. స్టార్టయ్యే ముంగట బండి ఇచ్చే ఇషారా అది.

ఇంజను తిరిగింది... అందుకుంది.

నేను లోపల్లోపల లెక్కవెడుతున్న. ఒకటి... రెండు... ఇప్పుడు ఆగాలె.

మూడు... నాలుగు... ఐదు...

ఆగలే. గేర్ల ఉన్న బండి ముంగటికి దుంకనూ లేదు. ఇంజను నిమ్మలంగ నడుస్తుంది. ఏసీ ఫ్యాను గాలి సప్పుడు ఇనవడుతుంది. టార్చి కొట్టిన. అద్దం మీద నా వెలుగే నా కండ్లల్ల పడ్డది. లోపట ఏం కనవడలే. జేబు తడుముకున్న... చాబీ ఉంది. ఫ్యూజు ఉంది. సారు దిక్కు కొట్టిన. రెండు చేతులు మోకాళ్ల మీద పెట్టుకోని కూసున్నడు. చాబీ ఆయన పక్కన మంచం మీదనే ఉంది.

పది నిమిషాలు నడిచి... ఆగిపోయింది.

నేను ఆ చాబీ తీస్కోని పోయిన. ఆయన లేవలే. తలుపు తీస్తే మొకానికి సల్లగ కొట్టింది. గేరు రాడు పట్టుకోని ఊపిన. అటు ఇటు ఊగింది.

న్యూట్రల్ల ఉంది.

పక్క సీటు మీద చెయ్యి పెట్టిన. మంచుముద్ద. డ్రైవరు సీటు మీద పెట్టిన...

ఎచ్చగుంది. మనిషి కూసోని అప్పుడే లేచినంక ఉండే ఎచ్చదనం.

చెయ్యి గుంజుకున్న. నోరు తెరవలే. నా వీపు ఆయన దిక్కుంది. ఆ సీకట్ల నేను ఏడ చెయ్యి పెట్టిన్నో ఆయనకు కనవడదు.

మంచం మీది నుంచి మెల్లగ అడిగిండు.

"సీటు ఎచ్చగుందా, యూసుఫూ?"

తెల్లారకముందే మొత్తం పీకేసి, వైర్లు ఎట్లుండెనో అట్ల కలిపిన. ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలే. నెల తిరగకముందే ఆయన బండి అమ్మేసిండు. కాని నా దగ్గర మూడో రిమోటుందన్న మాట సుల్తానాబాద్ దాటి కరీంనగర్ దాక వచ్చింది. దుకాణం మూతవడ్డది. ఇచ్చోడకు పోయి హైవే మీద లారీల లైట్లు బాగుచేసుకుంట బతికిన.

ఆయనే ఏదో చేసిండని చాన రోజులు అనుకున్న. ఎట్ల చేసిండో మాత్రం ఇయ్యాల్టికీ అందలే. ఆయన చెయ్యకుంటే... అంతకుముందు రాత్రులల్ల ఆయన గూడ ఆ సీటు మీద చెయ్యి పెట్టి చూసి ఉండాలె. మరి నాకెందుకు చెప్పలే?

రెండేండ్లకు జమ్మికుంట పత్తి మార్కెట్ల కనవడ్డడు. సగమైపోయిండు. అడిగేద్దామని దగ్గరికి పోయిన. నన్ను చూసి, నా చెయ్యి పట్టుకోని పక్కకు తీస్కపోయిండు. కోపం లేదు. బతిలాడినట్టు అన్నడు.

"అది నువ్వే చేసినవని చెప్పు యూసుఫూ. నిన్ను ఏమనను. చేసినవని ఒక్కసారి చెప్పు... నిద్రపోత."

ఆ మాటే ఆయన నోట్ల నుంచి ఇందామని పోయిన నేను.