నాలుగు కాళ్ల మందుతో పాలకొల్లు ప్రయాణం

గేదె దూడను వెంటబెట్టుకుని రాజమండ్రి నుంచి పాలకొల్లు వెళ్లవలసిన అవసరం మీకు రాకపోవచ్చు. వస్తే మాత్రం ఈ నాలుగు ముక్కలు పనికొస్తాయి. నాకు చెప్పేవాళ్లు లేక అన్నీ పడి తెలుసుకున్నాను. గోదావరి మీద రైలు వంతెన ఇంకా కట్టని రోజులవి. నాది సర్కారు వారి టీకాల ఉద్యోగం. మశూచికం రాకుండా ఊరూరా తిరిగి పిల్లల చేతులకు టీకాలు వేయడం నా పని.

అంతకుముందు వేసవిలో గాజు గొట్టాల్లో మందు పట్టుకుని పాలకొల్లు వెళ్లాను. మందుపెట్టెను పడవ కప్పు మీద ఎండలో పెట్టించి, నేను మాత్రం కింద నీడలో కూర్చున్నాను. ఆ తెలివికి ఫలితంగా నలభై మందికి టీకా వేస్తే ఒక్క చేతి మీద కూడా పొక్కు లేవలేదు. మందు ఎండకు చచ్చిపోయింది. "మా బావగారొచ్చి ఊరందరికీ నీళ్లు గుచ్చి వెళ్లారండి" అని మా చెల్లెలు కనకం భర్త సోమయ్యగారే నలుగురిలో అన్నారట. ఆ మాట నిజం కావడం వల్ల నాకు మరీ ఒళ్లు మండింది.

ఈ ఏడు మాఘమాసం వెళ్లీ వెళ్లగానే పాలకొల్లులో అమ్మవారు పోసిందని కబురు వచ్చింది. కనకానికి నాలుగు నెలల ఆడపిల్ల. వాళ్ల వీధి చివరింట్లోనే రోగం ఉంది. కనకం ఎవరిచేతో రాయించిన ఉత్తరంలో రెండే వాక్యాలున్నాయి. "అన్నయ్యా, ఈసారి మందు బతికుండగా తీసుకురా. ఆయన్ని ఎలాగోలా ఒప్పిస్తాను."

ఆ ఉత్తరం తీసుకెళ్లి ఆస్పత్రి డాక్టరుగారికి చూపించాను. "మందు చావకుండా అంతదూరం వెళ్లాలంటే ప్రాణమున్నదాంట్లోనే పెట్టుకుని వెళ్లాలి" అన్నారాయన. సోమవారం పొద్దున ఒక గేదె దూడను పడుకోబెట్టి, పొట్ట గొరిగి, గాట్లు పెట్టి మందు పూశారు. అయిదు రోజులకు అక్కడ పొక్కులు పండుతాయి. శనివారం పొద్దున వాటిలోని రసం తీసి పిల్లల చేతులకు వేయాలి. ఆదివారానికి చీము పట్టి ఎందుకూ కొరగాకుండా పోతుంది. ఈలోగా ఆ పొట్టకు ఎండ తగలకూడదు, నీళ్లు తగలకూడదు, దూడ నాలుక తగలకూడదు, నూనె గానీ పసరు గానీ అసలే తగలకూడదు.

"ఇంతేనాండీ?" అన్నాను.

"ఇంతే. గేదె దూడని కాలవ పక్కన మూడు రోజులు తడవకుండా ఉంచడమే" అన్నారాయన, ఏమాత్రం నవ్వకుండా.

బుధవారం పొద్దున ఆరింటికి బయలుదేరాను. ఎద్దుబండిలో దూడ, బండి వెనక నేను. దూడ మూతికి చిక్కం కట్టాను. పొట్ట కనపడకుండా నా రెండో పంచె చుట్టి వీపు మీద ముడి వేశాను. నా గొడుగు దాని మీదికి పట్టాను కాబట్టి ఎండంతా నాకు మిగిలింది. ధవళేశ్వరం చేరేసరికి ఎనిమిది, రేవు దాటి విజ్జేశ్వరం వైపు దిగేసరికి పదిన్నర అయింది. ఈ మధ్యలో దూడను చూసి "పెళ్లికాండీ?" అని అడిగినవాళ్లు ముగ్గురు.

విజ్జేశ్వరంలో కాలువ తలుపులుండే లాకు దగ్గర ప్రయాణికుల రహదారి పడవ ఎక్కాలి. అక్కడి టిక్కెట్ల గుమాస్తా నా సర్కారు కాగితాన్ని రెండుసార్లు చదివాడు. అందులో "టీకా మందు ఒకటి, ఉద్యోగి వెంట ఉచితముగా తీసుకుపోనివ్వవలెను" అని ఉంది. దూడ అన్న మాట ఎక్కడా లేదు.

"మందేదండీ?"

"ఇదేనండి."

"ఇది దూడండి."

"దూడలో ఉందండి మందు."

ఆయన కాసేపు కళ్లు మూసుకున్నాడు. "మందు మీతోపాటు ఈ పడవలో రావాలండి. దూడేమో సరుకుల పడవలో వెళ్లాలండి. రెంటినీ విడదియ్యలేరా?"

"శనివారందాకా విడదియ్యకూడదండి."

పాపం, ఆయన తప్పేమీ లేదు. పావుగంట ఆలోచించి, దూడ అంటే సీసాయే అన్న నిర్ణయానికి వచ్చాడు. పుస్తకంలో "మందు ఒకటి, సీసాతో సహా" అని రాసి, సిరా ఆరడానికి ఇసుక చల్లాడు. సరిగ్గా అప్పుడే దూడ ఆయన బల్ల పక్కన పేడ వేసింది. ఆయన తలెత్తి చూసి, "మీ మందు ఒలుకుతోందండీ" అన్నాడు.

పన్నెండుకు పడవ కదిలింది. ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగుతున్నారు. పడవ నడిపే సరంగు పేరు నూకరాజు. దూడ వంక చాలాసేపు చూసి, దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మవారికిస్తున్నారా బాబయ్యా?"

"కాదు. అమ్మవారు రాకుండా."

"ఆవిడ ఒద్దంటే వినే మనిషేంటండీ?" అంటూ చుక్కాని దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత పాలకొల్లు దాకా మా వైపు రాలేదు.

నీళ్లు కనిపించినప్పుడల్లా దూడ పక్కకు ఒరుగుతోంది. కాలువ ప్రయాణంలో నీళ్లు కనపడని క్షణం ఉండదు. అందుకని పలుపు ఒక కొస దాని మెడకు, రెండో కొస నా నడుముకు కట్టుకున్నాను. ఇది తెలివైన పని కాదు, ఎవరూ చేయకండి. కాకరపర్రు దగ్గర గేదెల మంద ఒకటి కాలువలో మెడదాకా మునిగి హాయిగా పడుకుని ఉంది. వాటిలో ఒకటి అరిచింది. మాది బదులు చెప్పింది. మరుక్షణం నేను పడవ అంచు మీద బోర్లా ఉన్నాను. నలుగురు ప్రయాణికులు నా కాళ్లు పట్టుకుని వెనక్కి లాగి ఉండకపోతే సర్కారు మందూ ఉద్యోగీ కలిసి కాలువలో ఉండేవాళ్లం.

ఆ నలుగురిలో గట్టిగా పట్టుకున్నది సూరమ్మగారు. అరవై దాటిన మనిషి, ముఖమంతా స్ఫోటకం మచ్చలు. పాలకొల్లు క్షీరారామలింగేశ్వరుడి దర్శనానికి ఒంటరిగా వెళుతోంది. నా పంచె కాస్త పక్కకు జరగడంతో దూడ పొట్ట ఆవిడ కంట పడింది.

"పొట్టకి ఏమైంది నాయనా, నోరులేని దానికి?"

అప్పటికి ఆ రోజు ఆ కథ ఆరుసార్లు చెప్పి ఉన్నాను. "కురుపులండి మామ్మగారూ" అని ఊరుకున్నాను. ఆ బద్ధకమే నా కొంప ముంచింది.

గురువారం మధ్యాహ్నం రెండింటికి మార్టేరు ఇవతల ఒక లాకు దగ్గర పడవ ఆగిపోయింది. లాకు తలుపు బాగుచేస్తున్నారు, మర్నాడు ఎనిమిదిదాకా పడవలు కదలవు అన్నారు. పక్కనే సత్రం ఉంది. భోజనం ఫరవాలేదు, మజ్జిగ మాత్రం నీళ్లకు పేరు మార్చినట్టు ఉంటుంది. దూడను పశువుల పాకలో పొడి గడ్డి మీద పడుకోబెట్టి, నేనూ అక్కడే నడుం వాల్చాను. శనివారం పొద్దుటికి ఇంకా వ్యవధి ఉంది కదా అన్న ధీమాతో మొద్దునిద్ర పోయాను.

శుక్రవారం అయిదున్నరకు లేచి చూస్తే దూడ పచ్చగా ఉంది.

నా పంచె చక్కగా మడత పెట్టి పక్కన ఉంది. సూరమ్మగారు ఒళ్లో ఆముదం బుడ్డి, చేతినిండా పసుపుతో, మంచిపని చేసినవాళ్ల ముఖంతో కూర్చుని ఉంది.

"చూళ్లేకపోయాను నాయనా. ఆముదంలో పసుపు కలిపి పట్టించాను. రెండ్రోజుల్లో మాడిపోతాయి."

"మాడిపోకూడదండి మామ్మగారూ! అది మందండి!"

"మందే కదా రాశాను?"

"మీరు రాసింది మందు కాదండి. మీరు దేనికి రాశారో అది మందండి!"

ఆవిడ నా నుదురు ముట్టి చూసింది. జ్వరమేమీ లేదు. అప్పుడు కింద కూలబడి మొత్తం చెప్పాను. దూడ గురించి, శనివారం గురించి, కనకం పిల్ల గురించి. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఉద్యోగం పోతుందని కాదు. ఆ పిల్లను నేనింకా చూడలేదు.

సూరమ్మగారు పసుపు చేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత మెల్లగా, "కుడివేపు రాయలేదు నాయనా. అటు తిప్పబోతే తన్నింది" అంది.

చూశాను. ఎడమవైపు పదిహేను పొక్కులు పసుపులో కలిసిపోయాయి. కుడివైపు అయిదు మిగిలాయి. ఆ దూడ కాళ్లకు దండం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా, ఎవరూ చూడలేదనుకుంటాను.

అక్కడి నుంచి కాపలా సూరమ్మగారిదే. చేతులు మూడుసార్లు కడుక్కుని, విసనకర్ర పట్టుకుని దూడ కుడిపక్కన బైఠాయించింది. దారిలో ఒకాయన విభూతి పెట్టబోయాడు. ఒకావిడ వేపాకు రసం తెచ్చింది. గోదావరి జిల్లాలో కురుపున్న పశువుకు కురుపుతో వెళ్లే స్వేచ్ఛ లేదు. "ముట్టుకుంటే చెయ్యి విరుగుద్ది" అని సూరమ్మగారు అందరికీ ఒకే జవాబు చెప్పింది.

శుక్రవారం సాయంత్రం ఆరింటికి పాలకొల్లు చేరాం. దర్శనం రేపు చేసుకుంటానని ఆవిడ కూడా మా చెల్లెలింటికే వచ్చింది.

శనివారం పొద్దున ఏడింటికి అరుగు మీద మొదలుపెట్టాను. కిందటేడు జరిగిన దానికి ఎవరూ రారనుకున్నాను. కానీ గొట్టంలో మందును నమ్మని ఊరు గేదెను నమ్మింది. ఇరవై మందికి పైగా తల్లులు పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. రానిది మా ఇంటి పిల్ల ఒక్కతే. కనకం గుమ్మంలో పిల్లను పట్టుకుని నిలబడింది. సోమయ్యగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"గేదె రసం ఎక్కిస్తే గేదె బుద్ధి రాదాండీ బావగారూ?"

"రాదండి."

"రేపొద్దున పిల్ల నెమరేస్తే?"

"వెయ్యదండి."

"కాలవ చూసి పడుకుండిపోతే?"

ఇలా రెండు గంటలు. ఆయన ఒక్కో సందేహం అడుగుతున్నారు, నేను జవాబు చెబుతూ ఒక్కో చేతికి టీకా వేస్తున్నాను. వరసలో ఉన్నవాళ్లను ఆపే హక్కు నాకు లేదు. ఒక పొక్కు అయిపోయింది, రెండోది అయిపోయింది. తొమ్మిదింటికి అయిదో పొక్కులో ఒక చుక్క మిగిలింది. ఆయన ఇంకా నెమరు దగ్గరే ఉన్నారు.

అప్పుడు సూరమ్మగారు విసనకర్ర కింద పెట్టి లేచి వెళ్లి, సోమయ్యగారి ఎదుట నిలబడి ముఖం మీదికి జారిన కొంగు పక్కకు తీసేసింది.

"సరిగ్గా చూడు బాబూ. మొహం తిప్పుకోకు. పిల్లకి గేదె బుద్ధి నయమా, ఇది నయమా?"

సోమయ్యగారు చూశారు. తర్వాత గుమ్మంలోంచి తప్పుకున్నారు.

నాలుగు చోట్ల వేయవలసిన టీకా పిల్లకు ఒక్కచోటే వేశాను. అంతకు మించి మందు లేదు. దూడకు చిక్కం తీసేశాను. అది తిన్నగా కాలువలోకి వెళ్లి పడుకుని సాయంత్రందాకా లేవలేదు.

టీకా పట్టిందో లేదో ఎనిమిదో రోజుకు తెలుస్తుంది. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. ఇంటి ముందు నుంచే ఒక శవం వెళ్లింది. సోమయ్యగారు రోజూ పిల్ల నోటి వంక చూస్తూ కూర్చునేవారు. మళ్లీ శనివారం పొద్దున పిల్లకు ఒళ్లు కాలింది. ఇల్లెగిరిపోయేలా ఏడుపు. అందరూ కంగారుపడుతుంటే నేను చెయ్యి పట్టుకుని చూశాను. గుండ్రంగా, మధ్యలో నొక్కు పడి, ముత్యంలా పొక్కు లేచింది. పిల్ల ఏడుస్తుంటే ఆ ఇంట్లో నవ్వినవాణ్ణి నేనొక్కణ్ణే. కనకం కొట్టడానికి వచ్చి, నా ముఖం చూసి సంగతి అర్థమై, తనూ ఏడుస్తూ నవ్వింది.

ఆదివారం తొమ్మిదింటి పడవకు తిరుగు ప్రయాణం. దర్శనం పూర్తయి సూరమ్మగారూ అదే పడవ ఎక్కింది.

"పిల్ల ఏడుస్తోందా నాయనా?"

"ఊరంతా వినపడేలా ఏడుస్తోందండి."

"ఏడవనీ. మా ఇద్దరూ మూడో రోజుకే ఏడుపు మానేశారు" అని, దూడ వీపు నిమురుతూ కూర్చుంది. ఆవిడకు పిల్లలుండేవారన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

ఈ దారిన వెళ్లేవారికి నా అనుభవం చెప్పాలంటే, పడవలు సుఖంగానే ఉంటాయి, మనుషులు చాలా మంచివాళ్లు. మందును ఎండ నుంచి కాపాడటం కంటే ఆ మంచితనం నుంచి కాపాడటమే కష్టం.

పడవ వంద గజాలు వెళ్లాక గట్టు మీద ఎవరో పరుగెత్తుకొస్తూ కనిపించారు. సోమయ్యగారు. పంచె ఎగ్గట్టి, పడవ లాగేవాళ్ల పక్కనే పరుగెడుతున్నారు.

"బావగారూ! ఒక్క మాట! ఆ దూడ మా పిల్లకి ఏ వరసవుతుందండీ?"

"మీ ఇష్టమొచ్చిన వరస కలుపుకోండి బావగారూ!" అని అరిచాను. "కలుపుకోడానికి పిల్ల బతికుంది కదండీ!"

ఆయన పరుగు ఆపి అక్కడే నిలబడిపోయారు.